పగడపు రన్‌వే మీద ఇంజనీర్ అంకుల్

ప్రియమైన వారలారా, అమెరికాలోని మన నోవై ఊరి ప్రార్థన కూడికలో అందరూ ఇంజనీర్ అంకుల్ అని పిలుచుకున్న పెద్దాయన, పోయిన మంగళవారం భోంచేసి కుర్చీలో కునుకు తీస్తూనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. నేను బైబిల్ కాలేజీ గుమ్మం ఎక్కనివాణ్ణి. కార్ల పార్టుల గోడౌన్‌లో పని చేస్తూ, లంచ్ బ్రేక్‌లో వాక్యం చదువుకుని నేర్చుకున్నవాణ్ణి. అలాంటి నన్ను లేచి బోధించమన్న మొదటి మనిషి ఆయన. ఆయన గురించి రాయడానికి కూర్చుంటే కిటికీ బయటి ఈ మంచు కనబడటం లేదు. ఎండలో మెరిసే తెల్లటి పగడపు నేల కళ్ళ ముందుకొస్తోంది.

జీవితమంతా రోడ్లు వేసిన మనిషి అంకుల్. ఏ పార్కింగ్ లాట్‌లో దిగినా మడమతో నేలను తట్టి, తల వంచి వినేవారు. లోపల గుల్లగా ఉంటే ఆ చప్పుడు వేరట. ఒకసారి నేను గర్జించి గర్జించి ప్రసంగం ముగిస్తే, భుజం మీద చెయ్యి వేసి, “బ్రదర్, పైన గట్టిగానే ఉంది. లోపల కాస్త గుల్ల,” అన్నారు. కోపం రాలేదంటే అబద్ధం. ఇంటికెళ్ళి ఆ అధ్యాయం మళ్ళీ మొదటినుంచి చదివాను.

ఒక చలికాలం ఆయన భార్య, మన ఆంటీ, హైవే మీద ఐస్‌కి జారి కార్‌తో సహా పక్క గుంటలోకి వెళ్ళారు. ఒంటిమీద గీత పడలేదు గాని, ఆ తర్వాత స్టీరింగ్ ముట్టలేదు. అంతలో అంకుల్ గుండె బలహీనపడింది. మన ఊళ్ళో కార్ నడపనివాళ్ళు పాల డబ్బాకైనా ఒకరి ముఖం చూడాలి. తాను పోతే ఈవిడ కిటికీ దగ్గరే కూర్చుండిపోతుందని ఆయన దిగులు.

“నేర్చుకున్న చోటే మళ్ళీ మొదలుపెడదామోయ్,” అన్నారు ఒకరోజు.

“అంత దూరమా! మతి ఉందా మీకు?” అన్నారు ఆంటీ.

“ఆ దూరమంతా పైలట్ నడుపుతాడు. నువ్వు నడపాల్సింది కొంచెమే.”

ఆ చోటు పసిఫిక్ సముద్రంలోని టినియన్ దీవి. మన అమెరికా జెండా ఎగిరే నేలే. జపాన్‌వాళ్ళు వేసుకున్న విమానాల మైదానాన్ని యుద్ధంలో అమెరికా సైన్యం పట్టుకుని, పగడపు రాయి దంచి నాలుగు పెద్ద రన్‌వేలు పరిచింది. హిరోషిమా, నాగసాకిల మీద అణుబాంబులు వేసిన విమానాలు లేచింది అక్కడినుంచే. యుద్ధం ముగిశాక సైన్యం వెళ్ళిపోయింది, అడవి వచ్చింది. పెళ్ళైన కొత్తలో అంకుల్‌కి పక్క దీవిలో రోడ్ల పని. ఆదివారం ఆరాధన అయ్యాక పడవలో దాటి, అడిగి తెచ్చుకున్న జీప్‌లో ఆ పాడుబడ్డ రన్‌వే మీదే ఆంటీకి డ్రైవింగ్ నేర్పారట.

తోడుగా నన్నూ రమ్మన్నారు. ముగ్గురం వెళ్ళాం. రెంటల్ కార్‌లో చెట్ల సొరంగంలోంచి బయటపడగానే ఆకాశం ఒక్కసారిగా విచ్చుకుంది. ముందంతా రన్‌వే, దాని అంచున వేడి గాలిలో వణికే సముద్రపు నీలం. పగుళ్ళలో గడ్డి. వేళ్ళు చుట్టేసిన ఓ కాంక్రీట్ గది. మాట్లాడితే మాట మన దగ్గర ఆగకుండా ఎటో తేలిపోతున్నట్టుండేది.

ఆ బాంబులను కిందినుంచి విమానాల్లోకి ఎత్తి ఎక్కించిన గుంటల మీద ఇప్పుడు అద్దాల కప్పులున్నాయి. అక్కడ నిలబడగానే నా ఒళ్ళు మండింది. ఆకాశంనుంచి కురిసిన అగ్ని, బూడిదైన పట్టణాలు, వాక్యాలన్నీ గొంతులోకి తోసుకొచ్చాయి. నోరు తెరిచాను.

“వద్దు బ్రదర్,” అన్నారు అంకుల్ మెల్లగా. “ఇక్కడ ఇప్పటికే చాలా చప్పుడైంది.”

బైబిల్లో కొండమీద ప్రవక్తకి దేవుడు సుడిగాలిలో దొరకలేదు, నిప్పులో దొరకలేదు, ఆ తర్వాతి సన్నని స్వరంలో దొరికాడు. ఎన్నిసార్లు బోధించానో! విన్నది మాత్రం ఆ మధ్యాహ్నమే.

అంకుల్ తాళాలు ఆంటీ చేతిలో పెట్టారు.

“మీరు పక్కన కూర్చోరా?”

“నేనుంటే నా కాలు బ్రేక్ వెతుకుతుంది. బ్రదర్ ఉంటే కేకలేస్తాడు. ఒక్కదానివే వెళ్ళు.”

“ఏదైనా అడ్డొస్తేనో?”

“ఏమొస్తుంది? బాంబర్లన్నీ ఎప్పుడో వెళ్ళిపోయాయి.”

కార్ ఒక్క కుదుపుతో ముందుకెగిరి ఆగింది, మళ్ళీ ఎగిరింది, తర్వాత సాఫీగా సాగింది. చివరిదాకా వెళ్ళి వెనక్కొస్తారనుకున్నాం. రాలేదు. చెట్ల సందులోంచి పక్క రన్‌వేకి మళ్ళారు. నేను కంగారుపడి ఫోన్ తీస్తే అంకుల్ నా చెయ్యి పట్టుకున్నారు. “పోనీ. పోనీవయ్యా.” వేడి నేలమీద కూర్చుని, కనబడని కార్ చప్పుడు, అది తిరిగొచ్చేదాకా, కళ్ళు మూసుకుని విన్నారు.

ఈమధ్య సైన్యం ఆ అడవి కొట్టి రన్‌వేలు మళ్ళీ సిద్ధం చేస్తోందని వార్త చూసి, “ఈసారి ఎవరి మీదికో,” అని ఆ పూట అన్నం ముట్టలేదు ఆయన.

నిన్న సమాధి తోటకి బయల్దేరేటప్పుడు మంచు పడుతోంది. “ఆంటీ, మా కార్‌లో రండి,” అని మన కూడికలోని కుర్రాళ్ళు ఎంత బతిమాలినా ఆవిడ తల అడ్డంగా ఊపి తన కార్ ఎక్కారు. ముందు అంకుల్ పెట్టె ఉన్న నల్ల కారు, దాని వెనక ఆవిడ, ఆ వెనక మేమంతా. ఆవిడ చాలా నెమ్మదిగా నడిపారు. ఎవ్వరూ హారన్ కొట్టలేదు, ఎవ్వరూ దాటి వెళ్ళలేదు. మలుపు ఇంకా ఎంతో దూరంలో ఉండగానే ఆవిడ సిగ్నల్ వేశారు. ఆ చిన్న ఎర్ర దీపం మంచులో వెలుగుతూ ఆరుతూ, మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని వెళ్ళింది.