రంగుల షెడ్డులో యాకూబ్ దగ్గు

పన్నెండేళ్లుగా ఒక దగ్గు నన్ను వెంటాడుతోంది. బస్సులో ఎవరైనా దగ్గితే చాలు, వెనక్కి తిరిగి చూస్తాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు రాయగలుగుతున్నాను.

వరంగల్ కాశిబుగ్గలో జంపఖానాలు నేసే కార్ఖానాలో, యాభై ఏళ్లు దాటాక, రంగుల షెడ్డుకు సూపర్‌వైజర్‌గా చేరాను. భివండిలో పదేళ్లు రంగుల మేస్త్రీగా చేశానన్నాను. కళ్లు మూసుకుని వాసనతోనే రంగు చెబుతానని కోతలు కూడా కోశాను. నిజానికి అక్కడ మూటలు మోశాను. పదేళ్లు కూడా కాదు, నాలుగు. అసలు నాకు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. పుట్టుకతోనే అంతే. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజే అది పసిగట్టినవాడు యాకూబ్. నూలుకు రంగు వేసేవాడు, నాకన్నా చిన్నవాడు. నవ్వలేదు, ఎవరికీ చెప్పలేదు. నేను పట్టుకున్న నూలు కట్ట ఎరుపైతే పక్కనుంచి చిన్నగా దగ్గేవాడు. ఆ దగ్గు మీద రెండు నెలలు మేస్త్రీనై బతికాను.

తర్వాత వాళ్లమ్మను దవాఖానలో చేర్పించి అతను రెండు రోజులు రాలేదు. అప్పుడే ఒక ఫంక్షన్‌హాలు వాళ్లు ఎరుపు అంచు జంపఖానాలు అడిగారు. యాకూబ్ వచ్చేదాకా ఆగుదామని కార్ఖానా సేటుతో అంటే సరిపోయేది. అన్ని గొప్పలు చెప్పిన నోటితో ఎలా అనను? నేనే కట్టలు ఎంచి మగ్గాలకు ఇచ్చాను. మూడు వందల జంపఖానాలు పాడయ్యాయని రాయబోయాను, చూశారా, ఈ బుద్ధి పోదు. పాడైనవి తొమ్మిది. అన్నిటికీ ఆకుపచ్చ అంచు.

దవాఖానకు వెళ్లేముందు యాకూబే వాటిని ఎరుపు కట్టలని వేరుచేసి పెట్టాడని సేటుకు చెప్పాను.

అతను తిరిగి రాగానే సేటు అందరి ముందూ అరిచాడు. “ఏందయా యాకూబ్, కండ్లు కనబడ్తలేవా?”

యాకూబ్ నా వైపు తిరిగాడు. “అన్నా, జర నువ్వు చెప్పు.”

“నాకేమెర్క తమ్మీ? పోయెటప్పుడు నువ్వే కట్టి పెట్టి పోతివి గద.”

యాకూబ్ సేటు వైపు తిరిగాడు. “ఔ సేటూ. నా కండ్లే ఖరాబైనయ్.”

చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. సేటు మళ్లీ పనిలోకి రానివ్వలేదు. నెల తిరక్కముందే, కళ్లు మసకబారాయని చెప్పి నేనూ మానేశాను. ఆ సాకు కూడా యాకూబ్ దగ్గర తీసుకున్నదే.

ఒక్క మాటతో నన్ను బయటపెట్టగలిగి ఉండి ఎందుకు ఊరుకున్నాడు? జాలా? అసహ్యమా? ఈ వయసులో నాకు వేరే పని దొరకదనుకున్నాడా అని నన్ను నేను అడుగుతూ, ఏ రోజు ఏ జవాబు తేలిగ్గా అనిపిస్తే ఆ రోజుకు దాన్నే నమ్ముతూ వచ్చాను. అతను నెక్కొండలో ఉంటున్నాడని విన్నాను. రైలెక్కితే గంట కూడా పట్టదు. వెళ్లలేదు.

ఆ కట్టలు ఎంచింది నేను. యాకూబ్ ఆ రోజు షెడ్డులోనే లేడు. రాసి చూస్తే ఇంత చిన్న మాటలు.