ముసుగు వరుసలో అందుకున్న పాట

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా వరంగల్ కొత్తవాడలో ఎవరికైనా పూనకం వస్తే పక్కకు తిరిగి నవ్వుకునే రకం నేను. ఇది దయ్యమని ఇప్పుడు కూడా అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా ఆయన ఉద్యోగం వల్ల కొన్నాళ్లు జపాన్‌లో ఒక చిన్న ఊళ్లో ఉన్నాం. పోయిన ఆగస్టులో అత్తమ్మ మా దగ్గరకు వచ్చింది. ఆమె, ఆమె చెల్లెలు సుగుణ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జంపఖానాలు నేసి బతికినవాళ్లు. నేస్తూ నేస్తూ ఒక బతుకమ్మ పాట సొంతంగా కట్టుకున్నారు. ఒక చరణం అక్కది, తర్వాతిది చెల్లెలిది.

కరోనాలో సుగుణత్త దవాఖానలోనే పోయింది. మూట కట్టి తీసుకుపోయారు, ముఖం కూడా చూపించలేదు. కడసారి చూపు దక్కలేదనే బాధ అత్తమ్మను ఇప్పటికీ వదల్లేదు.

అత్తమ్మ ఉండగానే ఒక రోజు మా వీధిలో ఆ ఊరివాళ్ల పండుగ వచ్చింది. పొద్దున్నుంచే కాగితపు లాంతర్లు, డప్పుల మోత, కాల్చిన మొక్కజొన్న వాసన. సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే ఆడవాళ్లు వీధి పొడవునా వరుస కట్టి, చప్పట్లు కొడుతూ ఆడటం మొదలుపెట్టారు. కొందరు నల్లగుడ్డతో ముఖమంతా కప్పుకున్నారు, కళ్ల దగ్గర రెండు రంధ్రాలు మాత్రం ఉన్నాయి. అదొక వేషం అనుకున్నాను.

నేను తినడానికేదో కొంటుంటే, అత్తమ్మ బతుకమ్మ దగ్గర విడిచినట్టే చెప్పులు ఓ పక్కన విడిచి వరుసలోకి దిగిపోయింది. పైగా గొంతెత్తి తన పాట అందుకుంది. మా ఆయన ఆఫీసువాళ్లు అక్కడే ఉన్నారు. జనం ఫోన్లు పైకెత్తారు. ఊరుకాని ఊళ్లో నాకు తల కొట్టేసినట్టయింది.

లాక్కురావడానికి వెళ్లాను. అత్తమ్మ తన చరణం పాడి ఆపింది. ఆమె ముందున్న ముసుగు మనిషి తర్వాతి చరణం అందుకుంది, తెలుగులో. అది సుగుణత్త చరణం. ఏటా కొత్తవాడలో నేను విన్నదే. ఆ ఊళ్లో మేం తప్ప తెలుగువాళ్లు లేరు.

ఆ మనిషి చెయ్యి ముసుగు అంచు మీదికి పోయింది. నేను మాత్రం ఆ ఫోన్లనే చూస్తూ అత్తమ్మ చెయ్యి పట్టి గుంజాను.

"జర ఆగు బిడ్డా. మా సుగుణ ముసుగు తీస్తాంది. ఒక్కసారి మొఖం జూసి వస్త."

"అందరు చూస్తాండ్రు అత్తమ్మా, ఇజ్జత్ పోతది. నడువు."

బయటికి వచ్చి తిరిగి చూస్తే ముసుగులన్నీ ఒక్కలాగే కదులుతున్నాయి.

చనిపోయినవాళ్లు ఆ పండుగకు ఇళ్లకు వస్తారని, వాళ్లొచ్చి వరుసలో కలిసినా ఎవరు ఎవరో తెలియకుండా ఆడేవాళ్లు ముసుగులు వేసుకుంటారని పక్కింటావిడ మరునాడు చెప్పింది. వరుసలో ఉన్నవాళ్లంతా ఆవిడతో పాటు ఆట నేర్చుకున్నవాళ్లేనట. మన దేశంవాళ్లు ఒక్కరూ లేరట.

ఆ గొంతు ఎవరిదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. నా చెవులతో విని కూడా ఆమెను గుంజుకొచ్చానే, ఆ సిగ్గే నన్ను తినేస్తోంది.

వరంగల్ తిరిగొచ్చాక అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. జపాన్ ఎట్లుందని అడిగిన ప్రతి ఒక్కరికీ ఒకటే చెబుతుంది.

"నా కోడలు బంగారం. అంత జనంల నా చెయ్యి ఇడ్వలే."