ముక్కుకు అందని లెక్క

మా బావను గ్యాసు స్టేషన్లో అందరూ 'ముక్కు' అంటారు. లీకైతే అలారం కన్నా ముందే పసిగడతాడు. ఇంట్లో మాత్రం పొయ్యి మీద పాలు మాడినా తెలియదని అక్క దెప్పుతుంటుంది.

నేనూ అక్కడే పనిచేస్తాను. గొట్టంలో మాకు గ్యాసు పంపే స్టేషను మీటరు అంకెనూ మా మీటరు అంకెనూ సరిపోల్చడం నా పని. వాళ్లది శబ్దంతో వేగం కొలిచే కొత్త రకం. మాది పాతకాలపుది. గొట్టంలో చిల్లున్న ప్లేటు, దాని ముందూ వెనకా ఒత్తిడిలో తేడాను బట్టి లెక్క. రెండూ కాస్త అటూ ఇటూ అవడం మామూలే. ఆ పొద్దున మాత్రం మా అంకె నూటికి పది తక్కువ చూపించింది.

"దారిలో ఎక్కడో కారుతోంది," అన్నాడు బావ. ఆ గొట్టం బడి ఆవరణ కింద నుంచే వస్తుంది. మా అక్క ఆ బళ్లోనే టీచరు.

"వేడిని బట్టి గ్యాసు కొలత మారుతుందిగా, వాళ్లు ఇరవై డిగ్రీలకు లెక్క కడతారు, మనం పదిహేనుకు. అదేమో?" అన్నాను.

"అది రోజూ సర్దేదేగా. దాంతో నూటికి రెండు కూడా తేడా రాదు."

"వాసన రాలేదు కదా బావా."

"గొట్టం మీది మట్టి గ్యాసు వాసనను మింగేస్తుంది. ఈ ముక్కును నమ్ముకుని కూర్చోలేను."

"అక్కకు ఫోన్ చేసి బయటికి రమ్మననా?"

"మీ అక్కనొక్కదాన్నేనా? మరి పిల్లలో?"

 బావ గొట్టం వెంట మనుషుల్ని పంపి, లీకు కనబడితే ముందు బడి ఖాళీ చేయించమన్నాడు. కాసేపట్లో తేలకపోతే లైను కట్టేస్తానని మేనేజరుకు చెప్పేశాడు. ఫోన్ మాత్రం చేతిలోంచి దించలేదు.

"నిన్న సాయంత్రం ప్లేటు కడిగి బిగించిందెవరు?" అని అడిగాను.

బావ నా వైపు చూశాడు. మరుక్షణం పరుగెత్తాడు.

గ్యాసును పక్క గొట్టంలోకి మళ్లించి ప్లేటు పైకి తీశారు. దాని పిడి మీది అక్షరాలు గ్యాసు వచ్చే వైపుండాలి. మా బావ, మహానుభావుడు, చదువుకోవడానికి వీలుగా తన వైపు తిప్పి బిగించాడు. తిరగబడ్డ ప్లేటు ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. సరిగ్గా తిప్పి పెట్టాక అంకెలు కలిశాయి.

"తప్పు నాదే," అన్నాడు, పెళ్లి కుదిరినంత సంబరంగా. తర్వాత అక్కడే కూలబడి చేతుల్లో మొహం దాచుకున్నాడు.

సాయంత్రం అంతా విన్న అక్క ఊరుకుంటుందా?

"పొద్దునే నాకో మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"చెప్తే బయటికొచ్చేదానివా?"

"పిల్లల్ని వదిలేసొస్తానా?"

"తెలుసు," అన్నాడు బావ. "అందుకే నీకు చేయకుండా ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను."