దొరగారి కుర్చీ

మా చర్చిలో పీఠం పక్కన ఒక టేకు కుర్చీ ఉంది. వెనకటికి ఒక తెల్లదొర దాంట్లో కూర్చునేవాడట. ఆయన పోయి తరాలు గడిచినా కుర్చీ మర్యాదకి మాత్రం ఏ లోటూ రానివ్వలేదు. ప్రతి శనివారం దుమ్ము దులుపుతారు, క్రిస్మస్‌కి వార్నిష్ కొట్టిస్తారు, పొరపాటున కూడా ఎవరూ కూర్చోకుండా అడ్డంగా రిబ్బను కడతారు.

మా అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. చర్చిలో కింద కూర్చుంటే లేవలేదు. ప్లాస్టిక్ కుర్చీ మీద బరువు మోపి లేవబోతే అది వంగిపోతుంది. ఇంటినుంచి గట్టి కుర్చీ తెస్తానంటే, అందరూ తలో కుర్చీ మోసుకొస్తే బాగుండదన్నారు పెద్దలు. ఇక ఆదివారాలు ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటానులే అంది అమ్మ. నాకు ఒళ్ళు మండింది.

నేను రామచంద్రపురంలో డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. ఒక శనివారం సాయంత్రం చర్చిలో పాత నవలల గురించి మాట్లాడమంటే, సందు దొరికింది కదా అని ఒప్పుకున్నాను. తెల్లవాళ్ళ రాజ్యం వెలిగిపోతున్న రోజుల్లోనే వాళ్ళలో కొందరు రచయితలు దొరల్ని ఎలా ఏకిపారేశారో చెప్పాను. ఊళ్ళకి ఊళ్ళు దోచుకుంటూ నాగరికత నేర్పుతున్నామనుకునే దొరలు, చెమటలు కారుతున్నా కోటు విప్పని దొరలు, ఎంత చదువుకున్నవాణ్ణయినా నిలబెట్టే మాట్లాడే దొరలు. జనం పడీపడీ నవ్వారు. అందరికంటే గట్టిగా సంఘపెద్దగారు చప్పట్లు కొట్టారు.

"అయితే రేపు మా అమ్మని ఆ కుర్చీలో కూర్చోనిస్తారాండి?" అన్నాను.

చప్పట్లు ఆగిపోయాయి.

"అదెలా కుదురుతుందమ్మా? ఆ నవలల్లో దొరలు వేరు, మన దొరగారు వేరు."

"నవలల్లో వాళ్ళ నౌకర్లు కూడా ఇదే మాట అంటారండి."

సంఘపెద్దగారు మొహం మాడ్చుకున్నారు. కాసేపు గుసగుసలయ్యాక, నా నోటికి జడిసో, ఎవరైనా ఫోనులో వీడియో తీస్తున్నారనో, సరే కూర్చోబెట్టుకోండి అన్నారు.

మర్నాడు రిబ్బను నేనే విప్పాను. పెద్ద యుద్ధం గెలిచినట్టు అమ్మని చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళాను. అమ్మ కొంగుతో కుర్చీ చేతులు తుడిచింది. కూర్చోలేదు.

"కూర్చోమ్మా, ఒప్పుకున్నారు కదా."

"వాళ్ళు ఒప్పుకుంటే సరిపోయిందేంటే? దొరగారు కూర్చున్నది. తప్పు."

ఆరాధన అయ్యేదాకా దాన్ని పట్టుకుని నిలబడే ఉంది. కాళ్ళు వణుకుతున్నాయి. సంఘపెద్దగారు నావైపు చూసి హాయిగా నవ్వారు. నేను కోపంతో పాటల పుస్తకం మూసేశాను.

పై ఆదివారం నుంచి అమ్మ చర్చికి రావడం పూర్తిగానే మానేసింది. మోకాళ్ళకి కాపడం పెడుతూ ఎందుకు రావని అడిగాను.

"మళ్ళీ నువ్వు అందులో కూర్చోమంటావు" అంది.