ఆఫీసు గమనిక

లూగు కొండల్లోని టీ రైతుల సంఘానికి వెబ్‌సైట్ తయారు చేసింది కో షూఫెనే. పన్నెండేళ్లుగా దాన్ని చూసుకుంటున్నదీ ఆమే. సంఘంలో ఆ పని తెలిసినవాళ్లు ఇంకొకరు లేరు. ఆ మాట నలుగురిలో చెప్పుకోవడం ఆమెకు ఇష్టం కూడా.

రైతులు తమ వివరాలు మార్చాలంటే ఆమెకు ఫోను చేయాలి. కోతల రోజుల్లో ఆ ఫోన్లకు అంతుండేది కాదు.

"వాళ్లకో పేజీ విడిగా చేసివ్వమ్మా, వాళ్లే మార్చుకుంటారు" అన్నాడు అధ్యక్షుడు.

విడిగా అంటే రెండు నెలల పని. ఆఫీసువాళ్లు వాడుకోవడానికి వెబ్‌సైట్‌తోపాటే వచ్చిన అడ్మిన్ పేజీ ఎలాగూ ఉంది. అది లోపలివాళ్లకే గాని బయటివాళ్ల చేతికి ఇవ్వకూడదని షూఫెన్‌కు తెలుసు. అయినా ఎవరి వివరాలు వాళ్లకే కనిపించేలా కట్టడి చేసి, నలభైమంది రైతులకీ పాస్‌వర్డ్‌లు పంపేసింది. ఒక్క మధ్యాహ్నంలో పని తెమిలిపోయింది.

మూడో రోజు పొద్దున్నే చాన్ తాత ఆఫీసులోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమే, నా ఫోను ఎత్తితే నీకు పూటంతా పాడవుతుందా?"

"అలాగని ఎవరన్నారు తాతా?"

"నువ్వే రాశావుగా! 'వాగుడు ఎక్కువ, ఫోను ఎత్తొద్దు' అని నా పేరు కిందే ఉంది. మా కోడలు చదివి పడీపడీ నవ్వింది."

ప్రతి రైతు వివరాల అడుగున 'ఆఫీసు గమనిక' అని ఒక గడి ఉంది. ఏళ్ల తరబడి షూఫెన్ తోచిందల్లా అందులో రాస్తూ వచ్చింది. దాన్ని దాచడం మరిచిపోయింది. వెంటనే అందరి పాస్‌వర్డ్‌లూ ఆపేసి, ఎవరెవరు ఏం మార్చారో చూసింది. ఆ గడిలో చెయ్యి పెట్టింది ఒక్కరే. భర్త పోయి ఒంటరిగా తోట చేసుకుంటున్న లియెన్ మెయ్‌జూ.

పైన ఆరేళ్ల కిందటి షూఫెన్ మాటలు: "ఒంటరి ఆడది. ఆకు నాసిరకం. పెద్ద ఆర్డర్లు ఇవ్వొద్దు."

కింద మెయ్‌జూ చేర్చినవి: "ఆ కోతప్పుడు ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. నేను పక్కనే ఉన్నాను. తర్వాత ఎన్నో కోతలు కోశాను. ఎవరూ రుచి చూడలేదు."

నిజంగానే ఎవరూ చూడలేదు. ఏటా ఆమె వచ్చి అడిగితే "చూద్దాం పిన్నీ" అని పంపేసింది షూఫెనే. తాను రాసిన మాటనే ఎవరో తేల్చి చెప్పిన నిజంలా చదువుకుంటూ.

షూఫెన్ స్కూటరు మీద ఆమె ఇంటికి వెళ్లేసరికి మెయ్‌జూ వాకిట్లో ఆకు ఆరబోస్తోంది. తలెత్తలేదు.

"తప్పయిపోయింది పిన్నీ. అవన్నీ చెరిపేస్తాను."

"మిగతావాళ్లవి నీ ఇష్టం. నాది చెరపకు. నీదీ ఉండనీ, నాదీ ఉండనీ."

"ఆఫీసులో అందరూ చూస్తారు పిన్నీ..."

"ఇన్నేళ్లూ చూడలేదా?"

ముఖం మండిపోతుంటే షూఫెన్ ఆకు చేటల మధ్య నిలబడిపోయింది. కూర్చోమని మెయ్‌జూ అనలేదు.

తర్వాతి సమావేశంలో షూఫెన్ లేచి జరిగిందంతా చెప్పింది. చాన్ తాత నవ్వాడు గాని ఇంకెవరూ నవ్వలేదు. రైతుల పేజీ విడిగా కట్టడానికి తొమ్మిది వారాలు పట్టింది. చలికాలం కోతలో మెయ్‌జూ ఊలాంగ్ టీని కొనేవాళ్ల ముందు మొదటిసారి రుచికి పెట్టారు. ఆర్డరు వచ్చింది.

మెయ్‌జూ ఇప్పటికీ ఫోను చేస్తుంది. ఇదివరకు "అమ్మాయ్" అని పిలిచేది, ఇప్పుడు "ఆఫీసరు గారూ" అంటుంది. అలా అనొద్దని చెప్పే ధైర్యం షూఫెన్‌కు ఇంకా రాలేదు.