మా పెద్దత్త బండి, చిన్నాయన పోసిన ఆయిల్

మా పెద్దత్త పోయింది. ఒట్టన్‌చత్రం మార్కెట్లో మునక్కాయల లోడు దించి, ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, వసారాలో కూర్చుని మజ్జిగ అడిగిందట. మజ్జిగ తెచ్చేలోపే పోయింది. ఆ సంగతి నాకు ఫోన్లో చెప్పింది మా చిన్నాయన. ఆమె సొంత తమ్ముడు, మా నాన్నకీ తమ్ముడే. ఏడుస్తూ చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు, ముందు ఒళ్లు మండింది. ఈ కబురు చెప్పడానికి ఈయనే దొరికాడా అనుకున్నాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు నాలుగు మంచి మాటలు రాసి, బతికున్నవాళ్లెవరినీ నొప్పించకుండా ముగించాలంటారు. నా వల్ల కాదు. పెద్దత్త మంచిదే, కానీ ఆమెకొక పగ ఉండేది. దాన్ని దాచిపెట్టి ఆమె గురించి రాస్తే ఉప్పు లేని చారు పోసినట్టుంటుంది. పొలం ఆమె కొడుక్కి వచ్చింది. పగ నాకు వచ్చింది. ఎవరి ఆస్తి వాళ్లు చూసుకోవాలి కదా.

పళని దగ్గర వాళ్ల తోట. మావాళ్లు తరాల కిందట తమిళదేశంలో స్థిరపడిన తెలుగువాళ్లు, మాటల్లో అరవం కలుస్తుంటుంది. మామయ్య కాపు మీద ఉన్న తోటని వదిలేసి హఠాత్తుగా పోయాడు. దినాలు గడవకముందే డ్రైవర్ రావడం మానేశాడు. చెట్ల మీద మునక్కాయలు ముదిరిపోతున్నాయి. పెద్దత్త పాత డీజిల్ వ్యాన్ ఎక్కి, తోట గట్ల మీద నేర్చుకుని, కొన్నాళ్లకి మార్కెట్టుకే తోలుకుపోయింది. మొగుడు పోయిన మనిషి స్టీరింగ్ పట్టుకోవడమేమిటని మా వాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఆ నొక్కుకున్న నోళ్లే తర్వాత పళని కొండకి పోవాలంటే ఆమె వ్యాన్ కోసం ఫోన్ చేసేవి. ఆమె తీసుకుపోయేది కూడా. దారంతా కొండ కబుర్లు తప్ప ఇంకేమీ మాట్లాడేది కాదు.

నాకు బండి నేర్పింది ఆమే. పక్క సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకుంటూ నేర్పేది. నేను గేరు గరగరలాడిస్తే వలవడం ఆపేది, అంతే. ఒకసారి గేదెని తప్పించబోయి బండి కాలవ అంచున ఆపాను. స్టీరింగ్ వదలకుండా పట్టుకునే ఉన్నాను.

"భయపడితివా అమ్మణీ?"

"ఊ."

"సరి. భయం పోయేదాకా ఇంజన్ని సుమ్మా, ఊరికే తిరగనీ. దాన్ని చూడు, దానికి భయం లేదు."

బండి తీసే ముందు ఇంజన్లో ఆయిల్ కొలిచే పుల్ల లాగి, తుడిచి, మళ్లీ ముంచి చూసేది. పుల్ల చివరి బొట్టుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దేది. కూరలో ఉప్పు చూసినంత మామూలుగా చేసేదా పని. ఆ వేళ్లని చీరకి మాత్రం తుడిచేది కాదు. సీటు కింద ఒక పాత తువ్వాలు ముక్క ఉండేది.

ఆయుధ పూజకి బండి ఆయిల్ మార్చడం ఆ ఇంటి పద్ధతి. ముందురోజు పాత ఆయిల్ దించి, ఫిల్టర్ మార్చి, తెల్లవారి బండి కడిగి, ఇంజన్ మూత ఎత్తి లోపల కూడా గంధం పూసి బొట్టు పెట్టేవాళ్లు. పూజలో కొత్త ఆయిల్ డబ్బా బొరుగుల పక్కనే ఉండేది. పూజయ్యాక మరునాడు అది పోసేవాళ్లు. ఏళ్ల తరబడి పోసింది మామూలు ఆయిలే, చిక్కటిది, ఊళ్లో దొరికేది.

అప్పుడు మా చిన్నాయన కోయంబత్తూరులో సింథటిక్ ఆయిల్ ఏజెన్సీ తీసుకున్నాడు. మనిషిని పట్టలేకపోయాం. పెళ్లికి పోయినా ఆయిలే, చావుకి పోయినా ఆయిలే. ఆ సంవత్సరం పూజకి అక్క బండికి తానే పోస్తానన్నాడు. ఫిల్టర్ కూడా తానే తెస్తాననీ, పాతది విప్పవద్దనీ ఫోన్ చేసి మరీ చెప్పాడు. చెప్పినవాడు వేళకి రాలేదు. మంచి ఘడియ దాటిపోతోందని పెద్దత్త పాత ఫిల్టర్‌కే గంధం పూసి, బొట్టు పెట్టి, హారతి ఇచ్చేసింది. ఆ తర్వాత దిగాడు, ఫోటోలు తీసే మనిషిని వెంటబెట్టుకుని.

"బొట్టు పెట్టినదాన్ని ఈ పొద్దు విప్పగూడదు అక్కా. రేపు బండి మేస్త్రిని పిలిపించి మార్చుకో" అన్నాడు. మా వాళ్లలో ఎవరైనా ఆ మాటే అంటారు. పూజ చేసిన దాని మీద ఆ రోజు చెయ్యి వేయం. కానీ అంత పట్టింపు ఉన్నవాడు ఆయిల్ కూడా రేపే పోయమనాలి కదా! ఫోటో మనిషి వచ్చి ఉన్నాడు, కాబట్టి పోశాడు. చిరునవ్వుతో పోశాడు, ఆ ఫోటో చాలా రోజులు ఆయన అంగడి గోడ మీద ఉండేది. కొత్త ఫిల్టర్ ఆయన కారు డిక్కీలోనే తిరిగి కోయంబత్తూరు పోయింది. పెద్దత్త అడిగితే, "పంపుతాలే అక్కా, ఇది సింథటిక్, దీనికేమి తొందర" అన్నాడు. పంపనేలేదు, బండిలో పాతదే ఉండిపోయింది.

సింథటిక్ ఆయిల్ ఇంజన్ లోపల బాగా కడుగుతుంది. కొత్త ఇంజన్‌కి అది మంచిదే. మామూలు ఆయిల్‌తో ఏళ్లు నడిచిన ఇంజన్లో మాత్రం మడ్డి పేరుకుని ఉంటుంది. అది కదిలి వచ్చినప్పుడు పట్టుకోవడానికి కొత్త ఫిల్టర్ ఉండాలి, మొదటిసారి పోసిన ఆయిల్ నల్లబడగానే దించేయాలి. ఇదేమీ రహస్యం కాదు. ఆయిల్ అమ్ముకుని తినేవాడికి తెలిసి తీరాల్సిన మొదటి పాఠం.

కొన్ని వారాలకి డాష్‌బోర్డు మీద, ఇంజన్‌కి ఆయిల్ అందడం లేదని చెప్పే ఎర్ర లైటు మినుకుమంది. పెద్దత్త బండి పక్కకి ఆపి, అక్కడి నుంచే తమ్ముడికి ఫోన్ చేసింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఫోన్ స్పీకర్లో పెట్టింది కాబట్టి నేను కూడా విన్నాను.

"కొత్త ఆయిల్ పల్చంగా ఉంటాది అక్కా, అందుకే లైటు అట్ల కొట్టుకుంటాది. ఏమీ లేదు. తోలు."

తోలింది. తమ్ముడు, పైగా ఏజెన్సీ ఉన్నవాడు. ఇంకో వారానికి టమాటా లోడుతో పోతుండగా ఇంజన్ పట్టేసి రోడ్డు మధ్యలో బండి ఆగిపోయింది. ఎండలో టమాటాలు పగిలి రసం కారుతుంటే ఆమె గట్టున కూర్చుని చూసింది.

అక్కడితో పోయుంటే నేనిది రాసేదాన్ని కాదు. తప్పులు అందరూ చేస్తారు. కానీ తిరుమంగళంలో మా వాళ్ల పెళ్లి జరిగింది. భోజనాల బంతిలో, పెద్దత్త ఎదురుగానే, చిన్నాయన ఆ కథ ఎత్తుకున్నాడు.

"ఎర్ర లైటు వెలుగుతా ఉండాదంట, మా అక్క తోలతానే ఉండాదంట! పండగ సీరియల్ లైటనుకునిందో ఏమో!"

బంతి బంతంతా నవ్వింది. ఆడదాని చేతికి బండిస్తే ఇంతేనని ఎవరో అందుకున్నారు. పెద్దత్త తినడం ఆపలేదు. నవ్వులు తగ్గాక తలెత్తింది.

"ఫిల్టర్‌కి బొట్టు పెట్టింది నేను. అది నా వంతు, ఒప్పుకుంటాను. నీ వంతు నువ్వు చెప్పు తమ్ముడా."

ఆయన పెద్దగా నవ్వి, పాయసం ఇటు తెమ్మని కేకేశాడు. మరునాడు ఆమె కొడుకు, మా బావ, బండి తాళంచెవి తీసి బీరువాలో పెట్టేశాడు. ఇక నువ్వు తోలవద్దమ్మా అన్నాడు. అప్పటినుంచి ఆమె మార్కెట్టుకి పోవడమే మానేసింది. ఇంకొకరి పక్కన కూర్చుని పోవడం ఆమెకి చేతకాదు. వ్యాన్ కొట్టంలో పడి ఉండేది. నేను పోయినప్పుడల్లా దాని పక్కనే కుర్చీ వేసుకుని మునగాకు దూస్తూ కనిపించేది. ఆమెనలా చూసినప్పుడల్లా నాకు మా చిన్నాయన మెడ పట్టుకుని ఊపాలనిపించేది. ఆయన ఎదురుపడితే మాత్రం "బాగుండారా చిన్నాయనా" అని అడిగేదాన్ని. మా ఇళ్లలో పెంపకం అలాంటిది.

ఒకరోజు ఆమె మేస్త్రిని ఇంటికే పిలిపించింది. కొట్టంలోనే ఇంజన్ విప్పించింది. అడుగున ఆయిల్ పీల్చే జల్లెడ ఉంటుంది. అది తాళింపు మాడిన మూకుడు అడుగులా ఉంది, ఒక్క కన్నం కూడా తెరుచుకుని లేదు. దాన్ని కడగనివ్వలేదు. అరిటాకు మీద పెట్టించి కొడుకుని పిలిచింది. బావ చాలాసేపు చూశాడు. లోపలికి పోయి తాళంచెవి తెచ్చి ఇచ్చాడు.

మళ్లీ మామూలు ఆయిలే పోయిస్తుందని అందరం అనుకున్నాం. ఆమె సింథటిక్కే పోయించింది! పాడైన భాగాలు మార్పించి, ఆయిల్ కారకుండా పట్టే సీళ్లన్నీ కొత్తవి వేయించి, కొత్త ఫిల్టర్ పెట్టించి, కొన్నాళ్లు తోలి, ఆయిల్ దించి, మళ్లీ ఫిల్టర్ మార్పించి. "ఆయిల్ మీద నాకేం కోపం? అది దాని పని అది చేసె. పోసిన చెయ్యి మీద కోపం" అంది.

ఆ ఆయిల్ ఎక్కడ కొనేదో తెలుసా? ఆ వ్యాన్ వేసుకుని కోయంబత్తూరు వచ్చి, చిన్నాయన అంగడి ముందే ఆపి, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న పోటీ అంగట్లో కొనేది. డబ్బా చంకన పెట్టుకుని మళ్లీ రోడ్డు దాటి, తమ్ముడి అంగట్లోకి పోయి, మంచినీళ్లు అడిగి తాగి, పిల్లల చదువులు అడిగి వచ్చేది. పక్కన నిలబడి నేను నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని. ప్రతి ఆయుధ పూజకీ ముందురోజు ఆయనకి ఫోన్ చేసేది. "ఫిల్టర్ మార్చినాను తమ్ముడా" అని పెట్టేసేది. ఇంకో మాట ఉండేది కాదు.

ఎందుకత్తా ఇంకా, పోనీ అని ఒకసారి అన్నాను.

"అట్లనే లోపల పెట్టుకుంటే మడ్డి కడతాది అమ్మణీ. అందుకే ఏడాదికొకసారి దించేసి కొత్తది పోసుకుంటాను" అంది. ఆమె కళ్లలో కొంటెతనం ఉంది, అదీ కాసేపే. "వాడు తన వంతు ఒక్కసారి చెప్తే చాలు. ఆ బంతిలో నవ్వినారే, వాళ్ల ముందర" అంది చివరికి.

ఆ ఒక్కసారి వినకుండానే పోయింది.

నేను పళని చేరేసరికి ముంగిట్లో షామియానా వేశారు. మా పద్ధతిలో ఆడమనిషి పోతే పుట్టింటి చీర కప్పాలి, అది కప్పందే శవాన్ని ఎత్తరు. ఆ చీర తేవలసింది పుట్టింట మిగిలిన తమ్ముడే. తెచ్చాడు, మంచి పట్టుచీర. పూలు కట్టిన తన తెల్ల వ్యాన్ కూడా తెచ్చాడు. దాని పక్కల ఆయన అంగడి పేరు పెద్ద అక్షరాలతో ఉంది.

"అత్త తన బండిలోనే పోతుంది. నేను తోలతాను" అన్నాను.

ఆడవాళ్లు కాటికి రాకూడదని పెద్దలు గొణిగారు. బావ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. అప్పుడు చిన్నాయన ముందుకొచ్చాడు.

"వేండాం, వద్దు అమ్మణీ. అది కెళటు బండి, ముసలిది. ఒకసారి నడిరోడ్డులో నిలిచిపోయిన ఇంజన్, దాన్ని నమ్మేదెట్ల?"

అరవలేదు. బంధువులందరికీ వినిపించేలా, మర్యాదగానే అడిగాను.

"ఆ పొద్దు ఎందుకు నిలిచిందో చెప్పండి చిన్నాయనా. చెప్పి చీర కప్పండి. చెప్తే మీ వ్యాన్లోనే పంపుతాం."

ఆయన చీర పట్టుకుని నిలబడిపోయాడు. తిరుమంగళం బంతిలో నవ్వినవాళ్లలో చాలామంది అక్కడే ఉన్నారు. డప్పులవాళ్లు కూడా ఆగారు. ఎత్తడానికి వచ్చినవాళ్లు ఆయన వైపు చూస్తున్నారు. చీర కప్పందే ఏదీ కదలదు. ఆయన వంగి, అక్క చెవి దగ్గర ఏదో అన్నాడు.

"మాకు వినపడాల" అన్నాను.

"లైటు వెలుగుతా ఉండాదని అక్క ఫోన్ చేసె. తోలమని నేనే చెప్తిని. ఫిల్టర్ నా కార్లోనే ఉండె" అన్నాడు. చీర కప్పి, అక్క పాదాలు పట్టుకున్నాడు.

నా మనసు కరగాల్సిందే, కరగలేదు. ఆమె చెవులున్నప్పుడు చెప్పని మాట అది. కళ్లు తుడుచుకుని లేచి, తన వ్యాన్ తలుపు తెరవమని డ్రైవర్‌కి చెయ్యి ఊపాడు. చెప్తే పంపుతామని నేను అన్న మాట నిజమే. తప్పాను.

"అత్తని మా బండిలోకి ఎత్తండి. ఆ పూల వ్యాన్ వెనక వస్తుంది" అన్నాను.

అత్తని ఎత్తి మా బండిలో పెట్టారు. బావ లోపల ఆమె పక్కన కూర్చున్నాడు. నేను సెకండ్ గేరులో మెల్లగా తోలాను, ఇంజన్ ఎక్కడా దగ్గలేదు. మలుపు తిరిగేటప్పుడు అద్దంలో చూశాను. పూలు కట్టిన తెల్ల వ్యాన్ మా వెనకే వస్తోంది. అత్త కోసం పూలు కట్టిన వెనక భాగం ఖాళీ. ముందు సీట్లో డ్రైవర్ పక్కన, తలకి కట్టిన తుండుగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకుని, మా చిన్నాయన కూర్చుని ఉన్నాడు.