ఇద్దరు నేసిన చీర

మా శివలీలను తిట్టే హక్కు ఎవరికైనా ఉందంటే అది నాకే. ఆ రోజు దాన్ని కర్నూలుకు వెంటబెట్టుకుని పోయింది నేను. వాళ్లమ్మ నాగేంద్రమ్మకు చెల్లెలిని. ఎమ్మిగనూరులో మా ఇళ్లు పక్కపక్కనే, రెండిళ్లలోనూ మగ్గాలే.

శివలీల డిగ్రీ దాకా చదివింది. దాని అక్క నాగశ్రీ మాత్రం ఇంటర్‌తో ఆపేసి మగ్గమెక్కింది. ఎవరూ మాన్పించలేదు. ఇద్దరం చదివితే ఇల్లెట్లా గడుస్తుందని తనే పుస్తకాలు చెల్లెలి ముందు పెట్టేసింది. రెండేళ్ల కిందట జ్వరమొచ్చింది. నాలుగో రోజుకు మనిషి లేదు. పైట నేసి, సగం దాకా వచ్చిన ఎర్రచీర మగ్గం మీదే ఉంది.

మా ఇళ్లలో ఒక పద్ధతుంది. పోయినవాళ్లు సగంలో వదిలిన చీరను కోసి తీయం. ఇంట్లో ఎవరో ఒకరు కూర్చుని ముగించాలి. పదకొండు రోజులు గడిచాక శివలీల కూర్చుంది. అక్క అద్దించి పెట్టుకున్న నూలు చాల్లేదు. కొత్తగా అద్దించింది పిసరంత ముదురు రంగొచ్చింది. చెయ్యి మారిన చోట చీరకు అడ్డంగా గీత పడింది. షావుకారు గొణుక్కుంటూనే పట్టుకుపోయాడు. ఆ చీర సంగతి అంతటితో అయిపోయిందనుకున్నాను.

పోయినేడు కర్నూలు యూనివర్సిటీలో ఎం.ఏ. సీట్లు కొన్ని మిగిలాయని, స్పాట్ అడ్మిషన్ ఉందని కబురొచ్చింది. పేరు పిలిచినప్పుడు మనిషి ఎదురుగా ఉండాలి, లేకుంటే సీటు తర్వాతివాళ్లకు పోతుంది. శివలీల నేసే రెండో మగ్గం ఆగిపోతుందని నాగేంద్రమ్మ మూతి ముడుచుకుంది. నేనే పోట్లాడి ఒప్పించాను. నా కడుపున పుట్టకపోయినా అది చదువుకోవాలని నాకు అంత ఆశ.

పొద్దున్నే మొదటి బస్సెక్కాం. కిటికీ పక్క సీటు ఖాళీగా వదిలి కూర్చుంది. ఎవరికోసమే అంటే ఆ సీటు మీద చెయ్యి ఆనించి పెట్టుకుంది. కోడుమూరులో ఒకామె ఎక్కి అక్కడ కూర్చోబోతే దీని ముఖం పాలిపోయింది.

కర్నూలులో దిగేసరికి ఇంకా టైముంది. కొండారెడ్డి బురుజు చూద్దామంది. పైకెక్కి గోడ దగ్గర నిలబడి, తుంగభద్ర అటు, పాత ఊరు ఇటు అని మెల్లగా చెబుతోంది. నేనింకా మెట్ల దగ్గరే ఆయాసపడుతున్నాను. అది చెప్పేది నాకు కాదు.

యూనివర్సిటీలో కాగితాలు చూసినాయన కులం సర్టిఫికెట్ జిరాక్స్ ఇంకొకటి కావాలన్నాడు. జిరాక్స్ షాపు గేటు దగ్గరే. పది నిమిషాల్లో వస్తానని పోయింది. అరగంటైనా రాలేదు. "శివలీల" అని మూడుసార్లు పిలిచారు. వస్తోంది సార్, ఒక్క నిమిషం అని బతిమాలుకున్నాను. నాలుగోసారి ఇంకో పేరు పిలిచారు.

వెతుక్కుంటూ పోతే లైబ్రరీ వెనక వేపచెట్టు కింద కనబడింది. ఎదురుగా అక్కడ ఊడ్చే ఆమె, విశ్వాసమ్మట పేరు. ఆమె ఒంటి మీద ఎర్రచీర, నడుం వెనక, కట్టుకోవడంతో నిలువుగా పడిన ఆ గీత. ఎక్కడున్నా గుర్తుపడతాను నేను. గేటు దగ్గర ఆ గీత చూసి, దాని వెంటే ఇంతదూరం నడిచిందట ఈ పిచ్చిది.

"నా దుడ్లు పెట్టి కొనుక్కున్న చీరప్పా ఇది," అని విశ్వాసమ్మ నాతో మొరపెట్టుకుంది. "మా అక్కది అని ఒకటే ఏడుపు."

పాపం, మంచి మనిషి. కోపం తెచ్చుకోకుండా పైట చేతికిచ్చి నిలబడింది. ఆ పైటంతా నాగశ్రీ నేసిందే. శివలీల దాన్ని రెండు చేతులా పట్టుకుని చెంపకు ఆనించుకుంది. ఎంత చెప్పినా వదల్లేదు. చివరికి నేనే ఒక్కొక్క వేలూ విడదీశాను.

సీటు పోయింది. కొడదామని చెయ్యెత్తాను, కొట్టలేకపోయాను. తిరుగు బస్సులో అది నా భుజం మీద తల పెట్టుకుని హాయిగా నిద్రపోయింది. అక్క పోయాక అది అలా నిద్రపోగా నేను చూడలేదు.

ఈ ఏడు మళ్లీ స్పాట్ అడ్మిషన్ అన్నారు. నాగేంద్రమ్మ కూడా ఈసారి అడ్డం చెప్పలేదు. శివలీల మాత్రం మగ్గం దిగలేదు. రెక్క పట్టుకుని లాగాను, నోటికొచ్చినట్టు తిట్టాను. మీ అక్క చదువు మానింది ఎవరికోసమే అని కూడా అనేశాను. అప్పుడు పోగుల మధ్య ఆడే నాడె ఆపి నా వైపు చూసింది.

"పోయినేడు పోతే అక్క అగుపడింది చిన్నమ్మా. ఈసారి పోతే, ఆడ ల్యాకుంటే?"

ఆ రోజు మేమిద్దరం ఎక్కడికీ పోలేదు.